బీహార్ నుంచి మిల్లుకు వచ్చిన పిల్లగాడికి బ్యాంకు ఖాతా తెరిపించాలంటే

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వైపు పోయే రోడ్డు మీద నాది ఒక బ్యాంక్ మిత్ర పాయింట్, అంటే బ్యాంకు తరఫున ఖాతాలు తీసి, డబ్బు ఇచ్చే చిన్న కేంద్రం. ఒక టేబులు, లాప్‌టాప్, వేలు పెట్టే మిషను, చీటీ ప్రింటరు, గోడకు బ్యాంకు బోర్డు, అంతే నా ఆస్తి. వానాకాలం వడ్లు దిగే నవంబర్‌లో ఒకసారి, యాసంగి వడ్లు దిగే ఏప్రిల్‌లో ఇంకోసారి కొత్త ముఖాలు కనబడతాయి. సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ దిగి, అక్కడినుంచి బస్సు పట్టుకొని వచ్చిన బీహార్ హమాలీలు. మిల్లు గుమస్తా నలుగురిని వెంటేసుకొని వచ్చి, "అక్కా, వీళ్ళకు ఖాతాలు తియ్యి, శనివారం కల్లా పేమెంట్ వెయ్యాలె" అంటాడు. ఆయన లెక్కలో అది పది నిమిషాల పని. నిజంగానే పది నిమిషాల పని, ముందు అడగాల్సినవి అడిగితే. అడగకపోతే ఆర్నెల్ల తిప్పలు.

ఆ పిల్లలకు తెలుగు చదవడం రాదు. అందుకే ఇది వాళ్ళను వెంటబెట్టుకొచ్చే గుమస్తాలకు, మేస్త్రీలకు, వాళ్ళకు గది కిరాయికి ఇచ్చినవాళ్ళకు రాస్తున్నా.

మొదట అడగాల్సింది ఆధార్ కాదు. ఇంతకు ముందే ఖాతా ఉందా అని. "పెహ్లే సే ఖాతా హై క్యా?" అంటే పదిమందిలో తొమ్మిదిమంది లేదనే అంటారు. "జన్ ధన్ వాలా?" అని మళ్ళీ అడగండి. "హా దీదీ, వో తో గావ్ మే హై" అంటారు. ఊళ్ళో ఉన్న ఖాతా ఇక్కడ పనికిరాదని వాళ్ళ నమ్మకం. జన్ ధన్ మొదలైంది 2014 ఆగస్టు 28న. ఆ ఊపులో తెరిచిన ఖాతాలు చాలా ఇళ్ళల్లో పాస్‌బుక్కు కూడా నలగకుండా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ అనే బ్రాంచి కోడు ఉంటే మిర్యాలగూడ మిల్లు డబ్బు బీహార్‌లో ఖగారియాలో ఉన్న ఖాతాలో నిమిషంలో పడుతుంది. కొత్తది అవసరమే లేదు.

రెండేళ్ళు ఏ లావాదేవీ చేయకపోతే ఖాతా నిద్రపోతుంది. దాన్ని లేపడానికి రూపాయి కట్టనక్కర్లేదు, ఊరికీ పోనక్కర్లేదు. అదే బ్యాంకుకు ఇక్కడున్న ఏ బ్రాంచిలోనైనా ఆధార్ చూపించి కేవైసీ చేయించుకోవచ్చని 2025లో రిజర్వ్ బ్యాంకు ఇంకా స్పష్టంగా చెప్పింది. కౌంటర్‌లో "మీ హోమ్ బ్రాంచికే పోవాలి" అన్నారంటే ఈ మాట గుర్తుచేయండి. కొత్త ఖాతా తీస్తే నాకు కమీషన్ వస్తుంది, పాతది లేపితే చాయ్ కూడా రాదు. అయినా చెబుతున్నా, పాతది బతికి ఉంటే పాతదే వాడించండి. అదే బ్యాంకులో ఇప్పటికే జీరో బ్యాలెన్సు ఖాతా ఉంటే ఇంకో సేవింగ్స్ ఖాతా ఎలాగూ ఉండనివ్వరు.

లేదు, కొత్తదే కావాలి. పాతది ఏ బ్యాంకో గుర్తులేదు, లేదా దాని కార్డు ఇంట్లో వాళ్ళు వాడుకుంటున్నారు. అప్పుడు ఒక గుంత ఉంది, చూసుకొని నడవండి. ఆ గుంతలో నేనే పడ్డాను, ఇంకొకరిని పడేశాను.

నలభై దాటిన ఒకాయనకు ఖాతా తీస్తూ, సబ్సిడీలు ఈ ఖాతాకే రావాలా అన్న గడి దగ్గర అలవాటుగా టిక్కు పెట్టేశాను. సంతకం బదులు ఆయన వేలు పెట్టాడు. మూడు నెలలకు ఆయన భార్య ఊరినుంచి ఫోన్ చేసి ఏడుపు. పీఎం కిసాన్ 2,000 ఊరి ఖాతాలో పడలేదు, ఎరువు కొనాలి. అక్కడి బ్యాంకులో అడిగితే మాకు తెలియదన్నారట. డబ్బు ఎటూ పోలేదు, ఇక్కడ నేను తీసిన ఖాతాలో పడి ఉంది. ఆధార్ నంబరు మీద వచ్చే ప్రభుత్వ డబ్బు చివరగా ఏ బ్యాంకుకు ముడివేస్తే ఆ బ్యాంకుకే పోతుంది. ఒక ఆధార్‌కు అలాంటి ముడి ఒక్కటే ఉంటుంది. కొత్తది వేస్తే పాతది దానంతటదే ఊడిపోతుంది. ఖాతాకు ఆధార్ ఇవ్వడం వేరు, ఈ ముడి వేయడం వేరు. మొదటిదానికి ఒప్పుకొని రెండోదానికి వద్దనవచ్చు. కాబట్టి ఆ గడి దగ్గర ఆగి, "ఊళ్ళో ఆధార్ మీద డబ్బు ఏమైనా వస్తుందా? ఆ ఖాతా కార్డు ఎవరి దగ్గర ఉంది?" అని అడగండి. ఇప్పుడు ముడి ఏ బ్యాంకుకు ఉందో చూడాలంటే ఆధార్‌కు లింకైన ఫోన్‌తో మైఆధార్ సైటులో చూడవచ్చు.

ఇక కాగితాలు. ఆధార్, రెండు ఫోటోలు, పాన్ ఉంటే పాన్, లేకపోతే పాన్ లేదని రాసిచ్చే ఫారం. అంతకు మించి అడిగితే ఎందుకని అడగండి. ఆధార్ పోగొట్టుకుంటే ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, అధికారి సంతకం ఉన్న ఉపాధి హామీ జాబ్ కార్డు కూడా చెల్లుతాయి. జిరాక్సు మీద అడ్డంగా "బ్యాంకు ఖాతా కోసం" అని, తారీఖు వేసి రాయించండి. ఒక జిరాక్సు ఎన్ని చేతులు మారుతుందో నాకు తెలుసు.

పాన్ లేదని వెనక్కి పంపేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ ఫారం ఉన్నది అందుకే. అయితే పెద్ద మొత్తాల్లో నగదు కట్టాలంటే పాన్ కావాలి, ఆ అవసరం ఈ పిల్లలకు రాదు.

అసలు గొడవంతా అడ్రసు దగ్గర. ఆధార్‌లో బీహార్ అడ్రసు, మనిషేమో ఇక్కడ మిల్లు వెనక రేకుల గదిలో. కౌంటర్‌లో "లోకల్ అడ్రస్ ప్రూఫ్ తీసుకురా" అంటారు. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద, కిరాయి కాగితం అసలు లేదు. ఇలాంటి ఒక పిల్లగాడిని ఒక బ్రాంచి నాలుగుసార్లు తిప్పింది. నాలుగు పూటల కూలి పోయింది. రూలు చూస్తే, ఆధార్‌ను గుర్తింపుగా ఇచ్చినవాడు ఇప్పుడుండే అడ్రసు వేరే అయితే సొంతంగా రాసి సంతకం పెట్టిన కాగితం చాలు. నేను రాయించేది ఇంతే:

"నా ఆధార్‌లో ఉన్నది మా సొంతూరి అడ్రసు. ప్రస్తుతం పని కోసం మిర్యాలగూడలో ఫలానా మిల్లు హమాలీ గదుల్లో ఉంటున్నాను. ఉత్తరాలు ఈ అడ్రసుకు పంపగలరు. ఇది నిజమని ఒప్పుకుంటున్నాను."

కింద పేరు, తారీఖు, సంతకం లేదా వేలిముద్ర. హిందీలో రాసినా ఒప్పుకోవాలి. ఖాతా ఫారం కూడా తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలో ఉండాలి, అడిగితే అరలోంచి తీస్తారు.

ఈ కాగితం ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా చెబుతా. ఆధార్ మీద వేలు పెట్టి ఖాతా తీస్తే అడ్రసు ఆధార్‌లోంచే ఎక్కేస్తుంది. ఏటీఎం కార్డు పోస్టులో సక్కగా ఖగారియా పోతుంది. అక్కడ వాళ్ళ నాయిన దాన్ని దేవుడి పటం వెనక దాచిపెడతాడు, కొడుకు మళ్ళీ ఛఠ్ పండుగకు పోయేదాకా. పిన్ను ఇక్కడ, కార్డు అక్కడ. వీలైతే బ్రాంచిలో అప్పటికప్పుడు చేతికిచ్చే పేరులేని కార్డు అడగండి. కార్డు మీద పేరు లేకపోతే వచ్చిన నష్టమేం లేదు.

కాగితమే లేనివాడికి చిన్న ఖాతా అని ఒకటుంది. అధికారి ఎదుట ఫోటో మీద సంతకం పెడితే తెరుస్తారు. నిల్వ 50,000 దాటకూడదు, ఏడాదికి జమ లక్ష దాటకూడదు, నెలకు 10,000కు మించి తీయకూడదు. ఏడాది గడువు, గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టినట్టు చూపిస్తే ఇంకో ఏడాది. సీజన్‌లో హమాలీ కష్టానికి నెలకు 10,000 గీత చాలా దగ్గర. డబ్బు ఖాతాలో ఉండి కూడా ఇంటికి పంపలేక కూర్చుంటాడు. ఏ కార్డూ లేనప్పుడు తప్ప దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు వేళ్ళ సంగతి. దీన్ని ఎవరూ రాయరు, నా సగం రోజు దీనికే పోతుంది.

గోనెసంచి పట్టుకొని పట్టుకొని హమాలీ వేళ్ళు ఎలా ఉంటాయో ఒకసారి దగ్గరగా చూడండి. బొటనవేలు, చూపుడువేలు అరిగి కొత్త గచ్చులాగా నున్నగా ఉంటాయి. గీతలు మిగిలిన చోట తవుడు దుమ్ము కూరుకుపోయి ఉంటుంది. మిషను మీద పెడితే ఎర్రలైటు వెలుగుతుంది, పెట్టినకొద్దీ మళ్ళీ ఎర్రలైటే. పిల్లగాడు నేనేదో తప్పు చేశానేమో అన్నట్టు బిక్కమొహం పెడతాడు. వెనకనుంచి మేస్త్రి "గట్టిగా నొక్కురా" అని అరుస్తాడు. గట్టిగా నొక్కితే ఉన్న గీతలు కూడా అణిగిపోతాయి, ఆ మాట అనకండి.

నేను చేసేది ఇది. ముందు సబ్బుతో కడిగిస్తాను, నా దగ్గర బకెట్టు, చెంబు ఎప్పుడూ ఉంటాయి. పూర్తిగా తుడిపిస్తాను. మిషను అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తాను, ముందు మనిషి చెమట దాని మీదే ఉంటుంది. చలికాలం పొద్దున వేలు ఎండిపోయి ఉంటే నుదుటి మీద రుద్దుకోమంటాను, ఆ కొంచెం జిడ్డు చాలు. అప్పటికీ కాకపోతే బొటనవేలు వదిలేసి ఉంగరం వేలు, చిటికెన వేలు, ఎడమచెయ్యి. సంచిని పెద్దగా తాకని వేళ్ళు అవే. పదింటిలో ఒకటైనా పలుకుతుంది. పలికిన వేలు ఏదో ఆ మనిషికి చెప్పి గుర్తుంచుకోమంటాను, రేపు డబ్బు తీయడానికి వచ్చినప్పుడు మళ్ళీ పదీ వెతకనక్కర్లేదు. ముఖ్యంగా, డ్యూటీ దిగినాక తీసుకురాకండి. పొద్దున పని ఎక్కకముందు తీసుకురండి. పదీ పలకకపోతే నా దగ్గర టైము వేస్టు చేయకుండా బ్రాంచికి పోండి. అక్కడ కాగితాల మీద, మనిషిని ఎదురుగా చూసి తెరుస్తారు. వేలు పడలేదని ఖాతా లేదనడానికి వీల్లేదు.

ఫోన్ నంబరు దగ్గర నేను కొంచెం కటువుగా ఉంటాను. గుమస్తా తన నంబరు చెబుతాడు, "వాళ్ళ సిమ్ములు రోజుకోటి మారతయక్కా, నాదే వెయ్యి" అని. వెయ్యను. ఆ నంబరుకే ఓటీపీ వస్తుంది, యూపీఐ దానిమీదే నడుస్తుంది, జమ అయిన మెసేజ్ దానికే పోతుంది. నంబరు ఎవరిదైతే ఖాతా వాళ్ళదే. మంచి మనసుతోనే ఇస్తారు, కాదనను, కానీ ఆ గుమస్తా మిల్లు మారితే ఏం చేస్తారు? పిల్లగాడు తన నంబరే ఇవ్వాలి, దాన్ని రీచార్జి చేసుకుంటూ బతికించుకోవాలి. బీహార్ సిమ్ ఇక్కడ బాగానే పనిచేస్తుంది, మార్చనక్కర్లేదు. ఆధార్‌లో ఉన్న నంబరు చచ్చిపోయి ఉంటే ముందు ఆధార్ సెంటర్‌కు పోయి కొత్తది ఎక్కించుకోవాలి, 75 రూపాయలు.

కొందరు ఫోన్‌లోనే యాప్‌లో ఓటీపీతో ఖాతా తెరిచేసి వస్తారు. అది సగం ఖాతా. ఏడాదిలోపు మనిషి ఎదురుగా గానీ వీడియోలో గానీ కేవైసీ పూర్తి చేయాలి, అప్పటిదాకా నిల్వ లక్ష దాటనివ్వరు. ఏడాది తర్వాత సీజన్ మధ్యలో ఖాతా ఆగిపోయిందని పరిగెత్తుకొస్తారు.

ఏటీఎం కార్డుల కట్ట మేస్త్రి జేబులో ఉండటం నేను చూశాను. రబ్బరు బ్యాండు వేసి, ఒక్కో కార్డు వెనక స్కెచ్ పెన్నుతో పిన్ను రాసి. నాకు మా నాయిన గుర్తొచ్చాడు. మాది కోస్గి వైపు పల్లె. నాయిన గుంపుతో బొంబాయి పోయి గచ్చు పనులు చేసేవాడు. కూలంతా మేస్త్రి లెక్కల పుస్తకంలోనే ఉండేది, పండుగకు ఊరికొచ్చినప్పుడు లెక్క. ఆ లెక్కలో అడ్వాన్సు పోను, తిండి పోను, ఏదో పోను, చేతికి వచ్చిందే కూలి. మా అవ్వకు ఎప్పుడూ లెక్క తేలేది కాదు. పాలమూరు లేబరు అన్న పేరు మోసిన జిల్లాలో పుట్టి, ఇప్పుడు వేరే రాష్ట్రం వాళ్ళకు ఖాతాలు తీస్తూ ఆ కార్డుల కట్ట చూస్తే కడుపులో తిప్పినట్టయింది. కార్డు వాడి చేతిలోనే పెట్టండి. పిన్ను ఏటీఎంలో వాడే వేసుకోవాలి, మీరు అటు తిరిగి నిలబడండి. చదువు రాకపోయినా నాలుగు అంకెలు అందరికీ వస్తాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది, పిల్లగాడికే చెప్పాల్సింది. "నీ ఖాతా, సిమ్ము నెలరోజులు ఇవ్వు, 5,000 ఇస్తా" అని కొందరు తిరుగుతున్నారు. సైబర్ మోసం డబ్బు దాంట్లోంచి పోతుంది, పోలీసులు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాడి కోసం. అప్పుడు ఖాతా ఆగిపోతుంది, కూలి దాంట్లోనే ఇరుక్కుంటుంది. ఈ ఒక్క మాట హిందీలో రెండుసార్లు చెప్పండి. తన డబ్బే పోతే 1930కి వెంటనే ఫోన్ చేయాలని కూడా.

నామినీ గడి ఖాళీగా వదలకండి. పెళ్ళైతే భార్య, కాకపోతే అమ్మ. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి, ముద్దుపేరు కాదు. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా పెట్టించండి, 2 లక్షలు. బస్తాల లాటు కింద పనిచేసేవాడికి దీనికంటే చవకైనది లేదు. జూన్ 1 నుంచి మే 31 వరకు లెక్క, కాబట్టి మే నెలాఖరులో ఖాతాలో ఆ 20 ఉండేలా చూడాలి, సరిగ్గా అప్పుడే అందరూ ఖాళీ చేసి ఊరికి పంపిస్తారు. జన్ ధన్ రూపే కార్డుకు కూడా విడిగా ప్రమాద బీమా ఉంది. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకు 2 లక్షలు, అంతకు ముందువాటికి లక్ష. దానికో మెలిక, ప్రమాదం జరిగేముందు 90 రోజుల్లో ఆ కార్డు ఒక్కసారైనా వాడి ఉండాలి. అందరూ ఫోన్ పే పట్టుకున్నాక కార్డు జేబులోంచి బయటికే రావడం లేదు. రెండు నెలలకోసారి ఏటీఎంలో 100 తీసుకోమనండి.

ఎప్పుడు రావాలంటే, నెల మొదటివారం వద్దు. రెండో, నాలుగో శనివారం బ్యాంకులుండవు. నెల మధ్యలో మంగళ, బుధవారాల్లో పొద్దున పదిన్నరకు వస్తే కౌంటర్‌లో మనిషి ముఖమైనా చూసి మాట్లాడతాడు. పాత పాస్‌బుక్కులతో వచ్చేవాళ్ళకు ఇంకో మాట. ఇటువైపు పల్లెల్లో ఉన్న ఏపీ గ్రామీణ వికాస్ బ్యాంకు బ్రాంచిలన్నీ 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పాత పేరు చెప్పి వెతికితే బోర్డు దొరకదు.

నేపాల్ వాళ్ళ సంగతి వేరు. మన ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లలో నూడుల్స్ వేసే పిల్లల్లో, రాత్రిపూట విజిల్ వేసే గూర్ఖాల్లో కొందరు అక్కడివాళ్ళు. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉన్నవాళ్ళు ఆధార్ తీసుకోవచ్చు, నేపాల్ పాస్‌పోర్టు ఉంటే తేలిక. వాళ్ళను నా దగ్గరికి తేవద్దు, పెద్ద బ్రాంచికే తీసుకెళ్ళండి. ఇంటికి డబ్బు పంపడానికి ఇండో నేపాల్ పద్ధతి అని బ్యాంకులోనే ఉంది, ఖాతాలోంచి ఒకసారికి 2 లక్షల వరకు పోతుంది. మధ్యవర్తి చేతికి నగదు ఇవ్వాల్సిన పని లేదు.

చివరగా నావాళ్ళ మీదే ఒక ఫిర్యాదు. ఖాతా తీసినందుకు డబ్బు అడిగే పాయింట్లు ఉన్నాయి, ఇవ్వకండి. ఇంకా పెద్దది, "వేలు పడలేదు, మళ్ళీ పెట్టు" అని రెండుసార్లు పెట్టించి, రెండుసార్లూ డబ్బు లాగి, ఒక్కసారిదే చేతికిచ్చేవాళ్ళు. వేలు పెట్టిన ప్రతిసారీ చీటీ అడగాలి, ఫెయిలైనా ఫెయిలని చీటీ వస్తుంది. నిజంగానే డబ్బు చేతికి రాకుండా ఖాతాలో కోత పడితే 5 రోజుల్లో తిరిగి పడాలి, దాటితే రోజుకు 100 రూపాయలు బ్యాంకే కట్టాలి. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో హిందీలో కూడా చెబుతారు.

పండుగకు ఊరికి పోయేముందు పాస్‌బుక్కు ప్రింటు వేయించుకోమనండి, ఇంట్లో చూపించడానికి. ఈ నవంబర్‌లో వచ్చిన ఒక పిల్లగాడు ప్రింటు పడ్డాక ఒక్కో వరుస మీద వేలు పెట్టి, "ఏ మేరా? ఏ భీ మేరా?" అని అడిగాడు, అందులో ఒకటి మూడు రూపాయల వడ్డీ. మిషను ఉన్న బ్రాంచిలోనే వేయించండి. కొన్నిచోట్ల లైను తప్పి ఒకదాని మీద ఒకటి పడి, జమ ఏదో కోత ఏదో తెలియకుండా పోతుంది.